రోములో కూర్చోకూడదు

విదేశాలు తిరిగొచ్చినవాళ్ళు ఏం చూశారో చెబుతారు. ఏం తిన్నారో, ఏం తినలేకపోయారో చెబుతారు. కాఫీ ఖరీదును రూపాయల్లోకి మార్చి మరీ గుండెలు బాదుకుంటారు. ఎక్కడ కూర్చున్నారో మాత్రం ఒక్కరూ చెప్పరు. రోము వెళ్ళొచ్చాక నాకు అందులోని గుట్టు తెలిసింది. వాళ్ళు కూర్చోలేదు. ఆ ఊరికి 2,700 ఏళ్ళ చరిత్ర ఉంది. తొమ్మిది వందలకు పైగా చర్చిలున్నాయి. ఈజిప్టు నుంచి ఓడలకెత్తి తెచ్చిన రాతి స్తంభాలున్నాయి. రోడ్డు పక్కన చక్రవర్తుల ఇళ్ళూ వాకిళ్ళూ పడి ఉన్నాయి. ఇన్ని ఉన్న ఊళ్ళో, కాళ్ళు పీకుతున్న మనిషి కాసేపు చతికిలబడే చోటు మాత్రం లేదు.

మా ప్రయాణానికి కర్త, కర్మ, క్రియ అన్నీ మా బావమరిదే. మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జర్మనీలో కొన్నేళ్ళుంటే పౌరసత్వం కంటే ముందు టైమ్ పిచ్చి వస్తుంది కాబోలు. ‘ఒక్క రోజులో రోము’ అని ఎక్సెల్ షీటు తయారుచేశాడు. ప్రదేశం, చేరే సమయం, బయల్దేరే సమయం, టికెట్ నంబరు, ఫొటో ఎక్కడ నిలబడి తీసుకోవాలి, ఇలా నిలువు గడులు. పసుపు రంగువి చూడాల్సినవి. ఎర్ర రంగువి చచ్చినట్టు చూడాల్సినవి. సిస్టీన్ చాపెల్‌కి పాతిక నిమిషాలు, పాంథియన్‌కి పదిహేను, కొలోసియంకి గంటా పది.

"మరి రెస్టో?" అన్నాను.

"బస్సులో, బావా" అన్నాడు.

మా అత్తగారికి డెబ్బై దాటాయి. తెనాలి. మోకాళ్ళు ఆవిడ మాట వినడం మానేసి చాలాకాలమైంది. తెల్లవారుజామునే లేచి, అద్దె ఫ్లాటు వంటింట్లో పులిహోర కలిపి, స్టీలు డబ్బాలో కుక్కి, "పదండి బాబూ, ఎక్కడో ఒకచోట కూర్చుని తిందాం" అన్నారు. ఎంత నమ్మకంగా అన్నారో!

ఎనిమిదింటికి వాటికన్ మ్యూజియం. లోపలి గదులూ వసారాలూ కలిపితే దాదాపు 7 కిలోమీటర్లంటారు. గదికో కుర్చీ ఉంది. కుర్చీకో గార్డు ఉన్నాడు. జనమంతా గోడల వంకా పైకప్పుల వంకా చూస్తుంటే మా అత్తగారు గార్డుల వంక చూశారు. "ఈయన డ్యూటీ ఎప్పుడు దిగుతాడు బాబూ?" అని నన్ను చాటుగా అడిగారు.

ఆ దృష్టితో చూడ్డం మొదలుపెట్టాక నాకూ శిల్పకళలో కొత్త సంగతులు కనిపించాయి. లావోకూన్ అని ఒక పాలరాతి విగ్రహం ఉంది. 1506లో ఎవరిదో ద్రాక్షతోట తవ్వుతుంటే బయటపడింది. తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ పాములు చుట్టేసి కాటేస్తున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ కండరాల్నీ, ముఖంలో ఆ బాధనీ మెచ్చుకుంటున్నారు. మా ఆవిడ మాత్రం "కూర్చున్నాడు చూశారా!" అంది. నిజమే. బలిపీఠం మీద ఒరిగి కూర్చున్నాడు. అంటే ఇక్కడ కూర్చోవాలంటే ముందు పాములు చుట్టుకోవాలన్నమాట. ఇంకో గదిలో బెల్వెడేర్ టోర్సో. తల లేదు, చేతులు లేవు, మోకాళ్ళ కింద ఏమీ లేదు. మైకెలాంజెలోకి అదంటే ప్రాణమట. అంత శిథిలమైనా ఆ మొండెం బండమీద దర్జాగా ఆసీనమై ఉంది. మా అత్తగారు దాని ముందు చాలాసేపు ఆగారు. మోకాళ్ళు నొప్పిపుట్టే అవకాశమే లేని మనిషిని ఆవిడ అంతకుముందెన్నడూ చూడలేదు.

"అమ్మా, నాలుగు నిమిషాలు లేటయ్యాం" అన్నాడు మా వాడు.

సిస్టీన్ చాపెల్లో గోడల వెంబడి బెంచీలున్నాయి. ఈ వార్త మ్యూజియం మొత్తానికీ ముందే తెలిసిపోయింది కాబోలు, అంగుళం ఖాళీ లేదు. కూర్చున్నవాళ్ళెవరూ లేవడం లేదు. మధ్యలో ఉన్న వందలమంది మెడలు వెనక్కి వాల్చి పైకి చూస్తూ ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్నాం. గార్డులు ‘సిలెన్సియో!’ అని అరుస్తున్నారు. ఆ గదిలో నిశ్శబ్దాన్ని భంగం చేస్తున్నది వాళ్ళొక్కళ్ళే. "తిరుమలలో నయం కదా, కంపార్టుమెంటులో కూర్చోబెట్టి పాలు కూడా ఇస్తారు" అన్నారు అత్తగారు. కాదనడానికి మా దగ్గర ఏ వాదనా లేదు.

మైకెలాంజెలో ఈ పైకప్పును పడుకుని వేశాడని చాలామంది అనుకుంటారు. కాదు. 1508 నుంచి 1512 దాకా మంచెమీద నిలబడి, తల వెనక్కి విరిచి వేశాడు. మెడ పట్టేసిందనీ, రంగంతా మొహం మీద కారుతోందనీ వాపోతూ స్నేహితుడికి ఏకంగా పద్యం రాసి పంపాడు. నాలుగేళ్ళు నిలబడ్డవాడికి, హాయిగా మోచేతి మీద ఆనుకుని పడుకున్న ఆదామును గీయాల్సి రావడం ఎంత కడుపుమంటో ఆలోచించండి. సాక్షాత్తూ భగవంతుడు అంత పరివారంతో ఎదురుగా వచ్చి చెయ్యి చాపితే, ఆ మహానుభావుడు లేచి నిలబడడు సరికదా, వేలు కూడా పూర్తిగా చాపడు.

ఎదురు గోడమీద ‘తుది తీర్పు’ పెద్ద చిత్రం. అది 1541లో పూర్తయింది. దాని కథ మా వాడి షీట్లో లేదు గానీ నాకు ఇష్టం. అది ఇంకా వేస్తుండగానే పోప్ దగ్గర ఉత్సవాల అధికారి బియాజియో దా చెసేనా అనే ఆయన చూసి, దేవుడి మందిరంలో ఈ దిసమొలల గోలేమిటని గొడవ చేశాడట. మైకెలాంజెలో ఏమీ మాట్లాడలేదు. నరకంలో న్యాయాధిపతిగా ఆయన మొహాన్నే దించేసి, గాడిద చెవులు పెట్టి, ఒంటికి పాముని చుట్టబెట్టాడు. ఆయన వెళ్ళి పోప్ పాల్ దగ్గర మొరపెట్టుకుంటే, నరకం తన పరిధిలోకి రాదని పోప్ తప్పించుకున్నాడని చెబుతారు. దాదాపు అయిదు వందల ఏళ్ళుగా ఆ పెద్దమనిషి కుడివైపు కింది మూల అలాగే నిలబడి ఉన్నాడు. మైకెలాంజెలో మెడనొప్పి వడ్డీతో సహా వసూలైంది.

ఈ గదిలో నిజంగా కూర్చోవాలనుంటే కార్డినల్ కావాలి. 2025 మేలో కొత్త పోప్‌ని ఎన్నుకోవడానికి 133 మంది ఇక్కడే కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. ఆ మాట చెబితే మా అత్తగారు ఆ పదవికి అర్హతలేమిటో అడిగి, విని, ఆశ వదులుకున్నారు.

సెయింట్ పీటర్స్ బసిలికా సంగతి ఇంకా విచిత్రం. అంత పెద్ద చర్చిలో, అన్నిటికన్నా గొప్ప స్థానంలో ఉన్నది ఏమిటనుకున్నారు? కుర్చీ. బెర్నీనీ అనే శిల్పి 1666లో పూర్తిచేసిన కంచు సింహాసనం. బంగారు కిరణాల మధ్య, నలుగురు మహా పండితుల విగ్రహాలు చుట్టూ నిలబడి ఉండగా గాలిలో తేలుతూ కనిపిస్తుంది. లోపల 9వ శతాబ్దం నాటి కొయ్య కుర్చీ భద్రంగా ఉందట. కుర్చీకి కుర్చీ తొడిగారు గానీ అందులో ఎవరూ కూర్చోరు. పక్కన ఇంకోచోట సెయింట్ పీటర్ కంచు విగ్రహం, ఆయనా కూర్చునే ఉన్నాడు. శతాబ్దాలుగా భక్తులు తాకీ ముద్దుపెట్టుకునీ ఆయన కుడిపాదం వేళ్ళు అరిగి నున్నగా అయిపోయాయి. మా ఆవిడ తన పాదాల వంక చూసుకుంది. ముద్దులేమీ లేకుండానే అవీ ఆ దశకే వచ్చాయి.

ఒకప్పుడు పోప్‌లను పల్లకీ వంటి కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద మోసుకెళ్ళేవారనీ, 1978 తరవాత ఆ పద్ధతి ఆగిపోయిందనీ మా వాడు ఫోన్లో చదివి వినిపించాడు.

"ఆ కుర్చీ ఇంకా ఉందా వాళ్ళ దగ్గర?" అన్నారు అత్తగారు.

షీటు ప్రకారం తరవాత గోపురం ఎక్కాలి. 551 మెట్లు. లిఫ్టులో కొంతదూరం పోయినా ఇంకా 320 మిగులుతాయి. ఇక్కడ మా ఆవిడ మొదటిసారి ఎదురుతిరిగింది. "ఒరేయ్, నువ్వెళ్ళు. పైనుంచి చెయ్యూపు, మేం కిందనుంచి ఫొటో తీస్తాం" అంది. వాడు ఎర్ర రంగు గడిని పసుపుగా మార్చాడు. దీన్నే ఆ కుటుంబంలో రాజీ అంటారు.

కాఫీకి ఆగాం. ధరల పట్టిక గోడమీద రెండు వరసల్లో ఉంది. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే ఇంకో ధర. అదే కాఫీ, అదే కప్పు. మేం ఆగిన చోట కూర్చుంటే మూడింతలు. అంటే ఆ బిల్లులో మూడో వంతు కాఫీకి, మిగతాది కుర్చీకి. ఊళ్ళోవాళ్ళు కౌంటర్ దగ్గర నిలబడి, రెండు గుక్కల్లో మింగి, చిల్లర పడేసి వెళ్ళిపోతున్నారు. అప్పటికి పదకొండున్నర దాటింది. మా ఆవిడ కపుచినో అడిగితే కౌంటర్ వెనకాయన ఇచ్చాడు గానీ, ఆయన మొహంలో మాత్రం మన దగ్గర రాత్రి భోజనంలోకి ఇడ్లీ అడిగిన చుట్టాన్ని చూసినంత జాలి కనిపించింది. అక్కడ పాల కాఫీ పొద్దున్నే తాగుతారు, తరవాత డికాషనే.

ఇక బస్సు. మా వాడు హామీ ఇచ్చిన రెస్టు ఇందులోనే. 64వ నంబరు. జేబుదొంగల విషయంలో ఈ బస్సుకున్న పేరు ఏ గైడు పుస్తకం తెరిచినా కనిపిస్తుంది. అందుకని బస్సులో ఎవరి బ్యాగును వాళ్ళు చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని నిలబడ్డారు. దొంగలెవరో తెలియదు గానీ అందరూ అందరినీ అనుమానంగా చూసుకుంటూ ఎంతో అప్రమత్తంగా ప్రయాణం చేశాం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఒక కుర్రాడు మా అత్తగార్ని చూసి లేచాడు. ఆవిడ వాణ్ణి మనసారా దీవించి, కూర్చుని, చీర కుచ్చిళ్ళు సర్దుకునేలోపు మా స్టాపు వచ్చింది.

లార్గో అర్జెంటీనా అని, చుట్టూ ట్రాములూ బస్సులూ తిరిగే కూడలి మధ్యలో పెద్ద గొయ్యి. గోతిలో నాలుగు పాత గుళ్ళ శిథిలాలు. 1920ల్లో రోడ్లు వెడల్పు చేస్తామని ఇళ్ళు కూలగొడితే బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం 44లో జూలియస్ సీజర్‌ని పొడిచి చంపిన సభామందిరం పునాది ఈ గుళ్ళ వెనకే ఉంది. సీజర్ వచ్చి ఆసనంలో కూర్చున్నాడు, సెనేటర్లు చుట్టూ మూగారు, 23 పోట్లు. ఇప్పుడక్కడ పిల్లులు నిద్రపోతున్నాయి. ఊళ్ళోని దిక్కులేని పిల్లులకు అక్కడొక ఆశ్రమం ఉంది. ప్రపంచ చరిత్ర మలుపు తిరిగిన చోట ఒక నారింజ రంగు పిల్లి వెల్లకిలా పడుకుని పొట్ట ఎండకు పెట్టుకుంది. దాన్నెవరూ టికెట్ అడగలేదు.

అదే గోతిలో ప్రాచీన మరుగుదొడ్డి ఆనవాళ్ళు కూడా ఉన్నాయి. రోమన్లకు అదొక కొలువు. గోడల పొడుగునా రాతి పీటలు, వాటికి వరసగా రంధ్రాలు, మధ్యలో తెరలూ గోడలూ ఏమీ లేవు. ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఊరి కబుర్లు చెప్పుకునేవారు. రోము మొత్తం మీద పైసా అదనంగా ఇవ్వకుండా, ఎవరూ లేపకుండా, తీరిగ్గా కూర్చునే ఏర్పాటు నేను చూసింది ఇదొక్కటే. అదీ ఎప్పుడో వందల ఏళ్ళ కింద మూతపడింది.

పాంథియన్ దగ్గర మాత్రం మా అదృష్టం పండింది. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీస్తుశకం 126 ప్రాంతంలో పూర్తయిన గుడి. దాని గుమ్మటం అడ్డంగా 43.3 మీటర్లు, నేల నుంచి నడినెత్తి దాకా కొలిచినా అంతే. ఇనుప చువ్వ ఒక్కటి లేకుండా పోసిన కాంక్రీటు. పైకి పోయేకొద్దీ తేలిక రాళ్ళు కలిపారు, నడినెత్తిన దాదాపు తొమ్మిది మీటర్ల రంధ్రం వదిలేశారు. వాన పడితే లోపలే పడుతుంది, నేలలో చిన్న చిన్న కన్నాల్లోంచి పోతుంది. మన ఇళ్ళ మేడలు పదేళ్ళకే కారడం మొదలెడతాయి. వీళ్ళు ముందే కంత పెట్టి, ఆ సమస్యను శాశ్వతంగా పరిష్కరించారు. 609లో దీన్ని చర్చిగా మార్చారు. చర్చి కాబట్టి లోపల బెంచీలున్నాయి! 2023లో ప్రవేశానికి అయిదు యూరోల టికెట్ పెట్టారు.

"అయిదు యూరోలకు కుర్చీ అంటే చవకే" అని మా అత్తగారు మొదటి వరసలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. పదిహేను నిమిషాలయ్యాక మా వాడు వెళ్ళి భుజం తట్టబోయాడు. ఆవిడ కళ్ళు తెరవకుండానే "జపం చేసుకుంటున్నాన్రా" అన్నారు. గురక పెట్టి జపం చేసుకోవడం నేను అదే చూడ్డం. అయినా దేవుడి పేరు చెప్పాక షీటు ఏం చేస్తుంది? ముప్పావుగంట గడిచింది. ఆ ముప్పావుగంటలో పై కంతలోంచి పడిన ఎండ బిళ్ళ గోడమీద ఒక గూడు దాటి ఇంకో గూటి దగ్గరికి జరగడం నేను చూశాను. రోజు మొత్తం మీద నేను నిజంగా చూసింది అదేననిపిస్తుంది. పక్కనే 37 ఏళ్ళకే పోయిన చిత్రకారుడు రఫేల్ సమాధి. ఆయన 1520 నుంచీ ఇక్కడే విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఈ ఊళ్ళో విశ్రాంతికి అంత ముందుచూపు కావాలి.

పులిహోర మాత్రం నిలబడే తిన్నాం. స్మారకాల మెట్ల మీద కూర్చుని తింటే జరిమానా అని మా వాడు భయపెట్టాడు. ఒక సందులో మంచినీళ్ళ పంపు కనిపించింది. ఊరంతా ఇవి దాదాపు 2,500 ఉన్నాయట. నడుం ఎత్తు పోతఇనుప దిమ్మె, వంకర ముక్కు తిరిగిన గొట్టం, అందులోంచి రాత్రీ పగలూ చల్లటి నీళ్ళు. గొట్టం వంపు మీద చిన్న బెజ్జం ఉంటుంది. కింద వేలు అడ్డం పెడితే నీళ్ళు ఆ బెజ్జంలోంచి పైకి ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. ఆ కిటుకు మాకొక పెద్దాయన చూపించాడు. మా అత్తగారు చెయ్యి కడుక్కుని, దిమ్మె చుట్టూ రెండుసార్లు తిరిగారు. ముందు చూశారు, వెనక తడిమారు.

"ఏం కావాలి అత్తయ్యగారూ?"

"కుళాయి కట్టేద్దామని. ఎక్కడ తిప్పాలి బాబూ?"

కట్టడానికి లేదనీ, అలా కారుతూనే ఉంటుందనీ చెబితే ఆవిడ నమ్మలేదు. మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే నడిచారు.

కొలోసియం వైపు వెళ్ళే పెద్ద రోడ్డు పక్కన మూడు స్తంభాలు నిలబడి ఉంటాయి. సీజర్ కట్టించిన వీనస్ గుడి తాలూకు ముక్కలు. జనం వాటిని దాటుకుని కొలోసియంతో సెల్ఫీకి పరుగెత్తుతారు. నేను మాత్రం ఆ మూడు స్తంభాలకీ దండం పెట్టాను. ఎందుకంటే సీజర్ చావుకి అసలు కారణం ఇక్కడే జరిగింది. సెనేట్ మొత్తం కట్టగట్టుకుని, ఆయనకేవో కొత్త బిరుదులు ఇద్దామని ఈ గుడి ముందుకి వచ్చింది. ఆయన లేచి నిలబడలేదు. కూర్చునే పలకరించాడు. ఆయన మీద జనానికి తీరని పగ పుట్టించినది అన్నిటికన్నా ఈ పనేనని స్వెటోనియస్ అనే పాత చరిత్రకారుడు రాశాడు. కాసియస్ డియో అనే ఇంకో చరిత్రకారుడు సీజర్ అభిమానుల వాదన కూడా రాశాడు. ఆ రోజు ఆయనకి విరేచనాలు పట్టుకున్నాయట, లేస్తే ప్రమాదమని కూర్చుండిపోయాడట. కానీ కాసేపటికే ఇంటికి నడిచి వెళ్ళాడు కాబట్టి ఎవరూ నమ్మలేదని కూడా ఆయనే రాశాడు. ఒక మనిషి కాసేపు లేవనందుకు ఇంత కథ. ఒక గణతంత్రం పోయి సామ్రాజ్యం వచ్చింది. పొద్దుట్నుంచి నిలబడే ఉన్న నాకు ఈ కథ విన్నాక సీజర్ మీద గౌరవం పదింతలు పెరిగింది. గాల్ గెలవడం, ఈజిప్టు వెళ్ళడం సైన్యం ఉంటే ఎవరైనా చేస్తారు. అంతమంది పెద్దమనుషులు వస్తుంటే లేవకుండా ఉండటానికి గుండె కావాలి.

ఈ పాఠం తరవాతి చక్రవర్తులకు బాగా ఒంటబట్టింది. కొలోసియం మొదలుపెట్టిన వెస్పాసియన్‌ను చూడండి. ఆయనకీ చివర్లో కడుపే చెడింది. ప్రాణం పోయే క్షణంలో, చక్రవర్తి అన్నవాడు నిలబడి పోవాలంటూ లేవబోయి, పట్టుకున్నవాళ్ళ చేతుల్లో ఒరిగిపోయాడట. మూత్రం మీద కూడా పన్ను వేసినవాడు ఈయనే. చాకళ్ళూ తోళ్ళు ఊనేవాళ్ళూ దాన్ని కొనుక్కునేవారు, ఆ వ్యాపారం మీద పన్ను. కొడుకు టైటస్ ముక్కు మూసుకుంటే, ఆ డబ్బే తీసి వాసన చూడమన్నాడు. అది గుర్తుపెట్టుకునే కాబోలు ఇప్పటికీ రోములో పబ్లిక్ టాయిలెట్ దగ్గర యూరో నాణెం చేతిలో పట్టుకుని వరసలో నిలబడాలి. మా ఆవిడ ఆ నాణేన్ని వాసన చూడలేదు గానీ, "తొంభై రూపాయల పైమాటే" అని మాత్రం అంది.

కొలోసియం అంటే ఏమిటి? కూర్చోవడానికి కట్టిన కట్టడం. ఊరంతా వచ్చి కూర్చోవడానికి. యాభై వేల మందికి చోటు. క్రీస్తుశకం 80లో టైటస్ దీన్ని ప్రారంభించి వంద రోజులు ఆటలాడించాడు. తోరణాలకు నంబర్లు చెక్కి ఉండేవి, ప్రేక్షకుడి చేతిలో నంబరున్న బిళ్ళ. సరిగ్గా ఏ దారిన వెళ్ళాలో, ఏ వరసలో కూర్చోవాలో తేల్చేసేవారు. ముందు వరస సెనేటర్లది, వాళ్ళ పేర్లు రాతిలో చెక్కి ఉండేవి. తరవాత రెండో శ్రేణి సంపన్నులు, ఆ పైన మామూలు పౌరులు, అన్నిటికంటే పైన ఆడవాళ్ళూ నిరుపేదలూ. ఆడవాళ్ళకు అంత పైన అన్న మాట విని మా ఆవిడకి కోపం వచ్చింది. కూర్చోనిచ్చారు కదా, సంతోషించమన్నాను.

ఇప్పుడు ఆ యాభై వేల సీట్లలో ఒక్కటీ లేదు. భూకంపాలకు కొంత పడింది. 1349లో దక్షిణం వైపు బాగా కూలింది. పడినదాన్ని ఊళ్ళోవాళ్ళు పట్టుకెళ్ళి మేడలూ చర్చిలూ కట్టుకున్నారు. పాలరాతి సీట్లయితే ఎప్పుడో సున్నానికీ గోడలకీ పోయాయి. 1930ల్లో ఒక మూల కొన్ని మెట్లు నమూనాకి తిరిగి కట్టారు. తెల్లగా, శుభ్రంగా, వరసగా ఉన్నాయి. అక్కడికి వెళ్ళనివ్వరు. నేల అడుగున సింహాల్నీ ఎలుగుబంట్లనీ పైకి తేవడానికి చెక్క లిఫ్టులుండేవి, మనుషులు చక్రాలు తిప్పి లాగేవారు. అంటే చంపడానికి తీసుకెళ్ళే జంతువుని కూడా నడిపించలేదు ఆ రోమన్లు. మేం మాత్రం ఆ నిటారు రాతి మెట్లు పట్టుకు పట్టుకు ఎక్కాం.

రోమన్ ఫోరం గురించి ఒక్క ముక్క చాలు. సామ్రాజ్యం నడిచిన ఆ చోటు మట్టిలో కూరుకుపోయి, కొన్ని వందల ఏళ్ళు పశువుల బీడుగా ఉండిపోయింది. దాన్ని ‘ఆవుల మైదానం’ అనే పిలిచేవారు. శనిదేవుడి గుడి స్తంభాల నీడన ఆవులు పడుకుని నెమరువేసిన బొమ్మలు పాత చిత్రకారులు ఎన్నో గీశారు. ఆ ఆవులకు దొరికిన మర్యాదలో పావువంతు మాకు దొరకలేదు. మా వాడు దాన్ని గట్టు మీది నుంచే చూపించి పచ్చ టిక్కు పెట్టేశాడు.

మెట్రోలో నిలబడి స్పానిష్ మెట్ల దగ్గరికి చేరాం. 135 మెట్లు, 1725లో పూర్తయ్యాయి. పేరు స్పెయిన్‌ది, డబ్బు ఫ్రాన్స్‌ది. మెట్ల పక్క ఇంట్లోనే ఆంగ్ల కవి కీట్స్ 1821లో పాతికేళ్ళకే కన్నుమూశాడు. 1953 నాటి ‘రోమన్ హాలిడే’ సినిమాలో రాకుమారి ఆడ్రీ హెప్‌బర్న్ ఈ మెట్ల మీదే ఐస్‌క్రీము తింటుంది. అది చూసి అరవై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా వచ్చి ఇక్కడ కూర్చుని ఐస్‌క్రీములు తిని, కార్చి, చివరికి మునిసిపాలిటీ ఓపిక చచ్చిపోయింది. 2019 నుంచి ఈ మెట్ల మీద కూర్చోవడం నిషేధం. జరిమానా 400 యూరోల దాకా పడొచ్చు.

ఈ వివరాలు మా వాడు చదివి వినిపిస్తుండగానే అత్తగారు మూడో మెట్టు మీద కూర్చున్నారు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, చెప్పులు విప్పి, "అమ్మయ్య" అన్నారు. ఎక్కడో విజిల్ మోగింది. ఆవిడ కదల్లేదు. మళ్ళీ మోగింది. ఆవిడ కాలి వేళ్ళు విరుచుకుంటున్నారు. తెల్లటోపీ పెట్టుకున్న పోలీసమ్మాయి మెట్ల మీదుగా వచ్చి, ఎదురుగా నిలబడి, రెండు చేతులూ పైకెత్తి లేవమని సైగ చేసింది.

"అమ్మా, లే! ఆవిడ నీకే వేస్తోంది విజిలు" అన్నాడు మా వాడు కంగారుగా.

"ఈ వయసులో నాకెవరేస్తార్రా విజిలు? వేరే ఎవరికో అనుకున్నా" అంటూ ఆవిడ లేచారు. పోలీసమ్మాయికి భాష తెలియకపోయినా భావం అందినట్టుంది, నవ్వేసి జరిమానా ఊసెత్తలేదు.

మిగిలింది ట్రెవీ ఫౌంటెన్. పది నిమిషాల నడక. సగం దారిలో ఒక కిరాణా కొట్టు ముందు మా అత్తగారు గోడ పట్టుకుని ఆగిపోయారు. చిన్న కొట్టు. గుమ్మం ముందు పుచ్చకాయలు, లోపల నీళ్ళ సీసాలు, పై అరలో మన గరం మసాలా పొట్లాలు. రోములో ఇలాంటి కొట్లు చాలావరకు బంగ్లాదేశ్ వాళ్ళవి. కౌంటర్లోని కుర్రాడు చీర చూశాడు, మోకాలు చూశాడు, ఏమీ అడగలేదు. తను కూర్చున్న ప్లాస్టిక్ స్టూలు తెచ్చి గుమ్మం పక్కన వేసి, "బైఠియే, ఆంటీ" అన్నాడు.

అత్తగారికి హిందీ రాదు. టీవీ సీరియళ్ళ పుణ్యమా అని ఆ ఒక్కముక్క వచ్చు. కూర్చున్నారు. నేను ఆ కుర్రాడి వంక చూశాను. ఎలా చూశానో నాకు తెలియదు గానీ, వాడు లోపలికి వెళ్ళి ఉల్లిపాయల పెట్టె ఒకటి ఖాళీ చేసి బోర్లించాడు. మా ఆవిడా నేనూ దానిమీద సర్దుకున్నాం.

"ఇంకొక్కటే అక్కా! ఎర్ర గడి! రోముకి వచ్చి ట్రెవీ చూడకుండా పోతారా?" అన్నాడు మా వాడు. 1762లో పూర్తయిందనీ, క్రీస్తుపూర్వం 19లో వేసిన కాలువ నీళ్ళే ఇప్పటికీ వస్తున్నాయనీ, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం వేస్తే మళ్ళీ రోము వస్తామనీ ఏకరువు పెట్టాడు. మళ్ళీ వస్తామనేసరికి మా ముగ్గురి మొహాలూ మారిపోయాయి.

"నువ్వెళ్ళి రా నాయనా. నీది ఒక్కడిదే వెయ్యి నాణెం. మావి వెయ్యకు" అన్నారు అత్తగారు.

వాడు ఒక్కడే వెళ్ళాడు. మేం పుచ్చకాయ ముక్కలు తింటూ వీధి చూశాం. మా ముందునుంచి జనం గుంపులు గుంపులుగా, జెండాలు పట్టుకున్న గైడ్ల వెనక, ఫోన్లలోకి చూసుకుంటూ పోతున్నారు. ఒక్కొక్కరు మా స్టూలునీ పెట్టెనీ ఎంత ఆశగా చూశారని! మా అత్తగారు ఆ కుర్రాడికి ఎంతమంది అక్కచెల్లెళ్ళో, అమ్మ ఎక్కడుంటుందో తెలుగులో అడుగుతున్నారు. వాడు బెంగాలీలో చెబుతున్నాడు. ఇద్దరికీ అన్నీ అర్థమవుతున్నాయి.

అరగంటకి మా వాడు తిరిగొచ్చాడు. కాళ్ళు ఈడుస్తున్నాడు.

"వేశావా నాణెం?" అంది మా ఆవిడ.

"వెయ్యనిస్తేగా!" అన్నాడు. "విజిలేసి తరిమేశారు."

"నాణెం వెయ్యడానికి కూడా విజిలేమిట్రా?"

వాడు కాసేపు మాట్లాడలేదు. షీటున్న ఫోను జేబులో పెట్టేశాడు.

"నాణెం వేసే ముందు... కాస్త ఆ గట్టు మీద కూర్చున్నానక్కా" అన్నాడు.

కొట్టు కుర్రాడు ఇంకో పెట్టె కోసం లోపలికి వెళ్ళాడు.